లెక్కరోజు మర్నాడు

అక్టోబరులో మొదటి బుధవారం వచ్చిందంటే మా సల్మెలా ఊరి బడికి పెళ్ళికళ వచ్చేస్తుంది. మామూలు రోజుల్లో పిల్లల ముఖాన కొట్టే చప్పిడి నూడుల్స్‌కి ఆ పూట సెలవు. తెల్లవారకముందే వంటింట్లో పాస్టీలు తయారవుతాయి. గొడ్డుమాంసం, బంగాళదుంప, రూటబాగా దుంప ముక్కలు గోధుమపిండి రొట్టెలో దట్టంగా కూరి కాల్చిన అసలుసిసలు పాస్టీలు. మధ్యాహ్నం చీటీ తీసి ఎవరో ఒక పిల్లకో పిల్లాడికో సైకిలు ఇస్తారు. టైర్ల షాపు రాడ్ హూస్కో, బడి బోర్డుకి అధ్యక్షుడు కూడా ఆయనే, గేటు దగ్గర నిలబడి లోపలికొచ్చే ప్రతి పిల్ల చేతిలో ఒక డోనట్ పెట్టి "రామ్మా రా" అంటాడు. ఎందుకింత మర్యాద అంటే, ఆ రోజు బల్లల దగ్గర ఎన్ని తలలున్నాయో చూసి తలకింత చొప్పున రాష్ట్రం డబ్బు పంపుతుంది. దాన్నే ఊళ్ళో లెక్కరోజు అంటారు. ఏడాది పొడుగునా బడి బతకడం ఆ ఒక్క బుధవారం మీదే. మర్నాడు డోనట్ ఉండదు, హూస్కో ఉండడు, మళ్ళీ నూడుల్సే.

హిల్మా కౌపిలాకి మాత్రం ఆ రోజు పండగ కాదు, వేట. హాజరు తీసి, ఎవరు రాలేదో తెలియగానే ఆవిడ కారు తాళాలు అందుకుంటుంది. కొండ వెనక ఇల్లయినా సరే, సరస్సు ఒడ్డున ఒంటిగా ఉన్న గుడిసయినా సరే, వెళ్ళి తలుపు కొట్టి పిల్లని నిద్రలోంచి లేపి, బూట్లు తొడిగించి తెచ్చి బల్ల దగ్గర కూర్చోబెడుతుంది. ఎవరూ చెయ్యమనలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు బడి బస్సు నడిపిన మనిషి, ఏ పిల్ల ఏ ఇంట్లో ఏ మంచం మీద పడుకుంటుందో కూడా తెలుసు. బస్సు పిల్లలందరూ ఆవిణ్ణి ముమ్ము అనేవాళ్ళు. మా దగ్గర నాయనమ్మని అలాగే పిలుస్తారు. ఆ పిల్లలు పెద్దవాళ్ళై పిల్లల్ని కన్నా పిలుపు మారలేదు. లెక్కరోజున తాను బస్సు తోలినంతకాలం ఒక్క తల కూడా తగ్గలేదని హిల్మా నలుగురిలో చెప్పుకునేది. ఆవిడ జీవితంలో గొప్పగా చెప్పుకున్నది ఆ ఒక్కటే. మొగుడు ఉర్హో అడవిలో మానులు కొట్టి కొట్టి గుండె ఆగి పోయినప్పుడు కూడా ఆవిడ పదిమంది ముందు ఏడవలేదు, ఆ సంగతి ఎక్కడా చెప్పుకోలేదు.

బస్సు పని మానేసిన ఏడాదే ఆవిడ బోర్డు మెంబరైంది. పోటీ చెయ్యలేదు. అసలు ఎవరూ చెయ్యలేదు. ఓటు కాగితం మీద పేరు ఉండాల్సిన చోట ఖాళీ గీత ఉంటే, జనం ముమ్ము పేరు రాసి పడేశారు. ఆ సంగతి కిరాణా కొట్లో పాలు కొంటుంటే తెలిసింది.

"నీకు శుభాకాంక్షలు ముమ్మూ," అంది గల్లాపెట్టె దగ్గరావిడ.

"ఎందుకే? ఏం ఘనకార్యం చేశాను?"

"బోర్డులోకి ఎన్నికయ్యావట."

"ఎవరు చెప్పారే నీకా అబద్ధం?"

అబద్ధం కాదు. ఏడుగురిలో ఒకత్తె అయిపోయింది. అయ్యాక తెలిసింది, బోర్డు అంటే ఏమిటో.

బోర్డు మీటింగు నెలకోసారి బడి లైబ్రరీలో. ఎదురుగోడ మీద నీలం అక్షరాలతో బడి ఆశయం రాసి ఉంటుంది. "సల్మెలా బడి ప్రతి విద్యార్థినీ, మారుతున్న ప్రపంచ సమాజంలో, జీవితాంతం నేర్చుకునే బాధ్యతగల భాగస్వామిగా తీర్చిదిద్దుతుంది." ఆ వాక్యం కోసం రాజధాని నుంచి ఒక సలహాదారుణ్ణి పిలిపించి, బాధ్యతగలా, విజయవంతమైనా అని మూడు మీటింగులు కొట్టుకున్నారు. ఆ మూడు మీటింగుల్లో ఒక్కసారైనా పిల్లలు చదువుతున్నారా లేదా అన్న ముక్క ఎవరి నోటా రాలేదు. హిల్మాకి ఒళ్ళు మండింది కానీ అప్పటికి కొత్త, నోరు మూసుకుంది. గోడకి రంగు వేసిన రోజున మాత్రం "అక్షరాలు బాగా పెద్దవిగా రాశారులే, దూరం నుంచి కూడా కనిపిస్తాయి" అంది. హూస్కో అది మెచ్చుకోలనుకున్నాడు.

మీటింగు మొదట్లో ఊరివాళ్ళు మాట్లాడొచ్చు. మనిషికి మూడు నిమిషాలు. కొలవడానికి కోడిపెట్ట ఆకారంలో ఉన్న ఒక వంటింటి గంట ఉంది. దాని మెడ తిప్పి బల్ల మీద పెడితే టిక్కు టిక్కుమంటూ నడిచి, టైము అయిపోగానే మోగుతుంది. ఆ కోడిపెట్టని చూసుకునే పని హిల్మాది. మాట్లాడినవాళ్ళకి బోర్డు జవాబు చెప్పకూడదు. అది పాత రివాజు. ఎవరేమన్నా, తిట్టినా, ఏడ్చినా, "థాంక్యూ" అని తర్వాతి అంశానికి వెళ్ళిపోవాలి. వాదులాట రాకుండా ఎప్పుడో పెట్టుకున్న పద్ధతి అది. రాను రాను, వినకపోయినా ఫర్వాలేదన్న చోటికి వచ్చి ఆగింది.

ఇంకో పద్ధతి కూడా ఉంది. చిన్నాచితకా అంశాలన్నీ ఒక కట్టగా కట్టి, చర్చ లేకుండా ఒకేసారి చేతులెత్తి ఆమోదిస్తారు. కిందటేడు అలాంటి కట్టలో పాల కాంట్రాక్టుకీ, నేలకి పూసే మైనానికీ మధ్య, మిల్లు రోడ్డుకి బస్సు ఆపేస్తున్నట్టు ఒక ముక్క ఉంది. డీజిలు ఖర్చు తగ్గుతుందిట. అందరితోపాటు హిల్మా చెయ్యెత్తింది. తాను ఇరవై ఎనిమిదేళ్ళు తోలిన రోడ్డే. ఇంటికెళ్ళి కాఫీ కలుపుకుంటుంటే అప్పుడు వెలిగింది, చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది. మర్నాడు బడి పెద్ద గ్లెన్ పెన్‌రోజ్‌కి ఫోన్ చేస్తే "అది అయిపోయిన సంగతి కదా హిల్మా" అన్నాడు. గ్లెన్ జిల్లాకి సూపరింటెండెంటు, బడికి ప్రిన్సిపాలు, మంచు పడితే బడి వాకిట్లో మంచు తోసే బండికి డ్రైవరు కూడా. ఆయన మీద కోపం తెచ్చుకోవడం కూడా కష్టమే.

ఈ సెప్టెంబరులో రాష్ట్రం నుంచి ఫలితాలు వచ్చాయి. మూడో క్లాసు పిల్లల్లో సగం మందికి చదవడం రాదని తేలింది. ఊరి మొదట్లో హైవే పక్కన మాత్రం "మా బడిలో నూటికి నూరు మందీ పట్టా పుచ్చుకున్నారు" అని బోర్డు అలాగే ఉంది. చదువు వెనకబడ్డ పిల్లల కోసం మార్సీ లబీన్ అనే టీచర్ని ఆ నెలే కొత్తగా పెట్టారు. డబ్బు మాత్రం క్రిస్మస్ దాకానే ఉంది.

"అక్టోబరులో తలలు పోయినేటికన్నా తగ్గకపోతే మార్సీని వేసవి దాకా ఉంచుదాం," అన్నాడు హూస్కో. "నేను మాటిస్తున్నా."

"ఆ మాట రాసుకోండి," అంది హిల్మా.

"రాసుకోవడం ఎందుకు? నేను ఎక్కడికి పోతాను?"

అలా ఒక టీచరు ఉద్యోగం ఆ బుధవారం మీద పడింది. ఆ బుధవారం పొద్దున్న లెక్క చూస్తే ఒక తల తక్కువైంది.

"మిల్లు రోడ్డు నుంచి లినేయా పెల్కొనెన్ రాలేదు," అన్నాడు గ్లెన్. "షానా కూతురు."

హిల్మా అప్పటికే కోటు తొడుక్కుంటోంది.

షానా ఒకప్పుడు ఆవిడ బస్సులో వెనక సీటులో కూర్చున్న పిల్లే. ఇప్పుడు ముసలివాళ్ళ ఆశ్రమంలో బట్టలుతికే చోట పనిచేస్తుంది. చక్రాల మీద నిలబెట్టిన ట్రెయిలరు ఇంటి తలుపు తీసి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏంటి ముమ్మూ, అప్పుడే అక్టోబరు వచ్చేసిందా?"

హిల్మాకి ఆ వెటకారం తగిలింది, తగలనట్టు ఊరుకుంది. "లినేయా ఏది? ఒంట్లో బాలేదా?"

"రాయిలా ఉంది. లోపల టీవీ చూస్తోంది."

"మరి పంపలేదేమే? ఇవాళ..."

"ఇవాళేంటో నాకు నువ్వు చెప్పాలా? చిన్నప్పుడు క్రిస్మస్ తర్వాత నాకు తెలిసిన పండగ అదొక్కటే." షానా చేతులు కట్టుకుంది. "దాన్ని కోర్బిన్ ఊరు పంపించేస్తున్నా. మా అక్క దగ్గర ఉంటుంది. అక్కడి బడిలో వేస్తా."

"ఎనిమిదేళ్ళ పిల్లని వదిలి ఉండగలవా?"

"ఉండలేను. ఏం చెయ్యమంటావ్? మూడో క్లాసుకొచ్చింది, దాని పేరు తప్ప ఇంకేం చదవలేదు. నేర్పుదామంటే నాకు రావద్దూ?"

"నీకు రాకపోవడమేంటే. నువ్వు పట్టా పుచ్చుకున్నావు. నేనక్కడే ఉన్నా, చప్పట్లు కూడా కొట్టా."

"కొట్టావు. మందు సీసా మీద ఏముందో ఫోనుకి చూపించి చదివించుకుంటున్నా ఇప్పటికీ."

లోపల టీవీలో ఎవరో నవ్వుతున్నారు.

"మా అమ్మ సంగతి నీకు తెలుసు కదా ముమ్మూ," అంది షానా. గొంతులో వెటకారం పోయింది. "రాత్రి తాగి పడుకుంటే పొద్దున్న లేచేది కాదు. బస్సేమో రోడ్డు చివర ఆగేది. మంచులో నేనొక్కదాన్నీ అంత దూరం రాలేకపోయేదాన్ని. లెక్కరోజు మాత్రం నువ్వు కారేసుకుని గుమ్మం దాకా వచ్చి హారన్ కొట్టేదానివి. పరిగెత్తుకుంటూ వచ్చేదాన్ని. మర్నాడు నేనే లేచి, బట్టలు తొడుక్కుని, అదిగో ఆ కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. నువ్వు వస్తావని. గురువారం ఎప్పుడూ ఎందుకు రాలేదు ముమ్మూ?"

బస్సు తోలేది అప్పుడు నేనే కదే, నియమం ప్రకారం ఆగాను, హారన్ కొట్టాను, వెళ్ళిపోయాను, అందామనుకుంది హిల్మా. అన్నీ నిజాలే. ఇన్నేళ్ళూ నలుగురిలో గొప్పగా చెప్పుకున్నది ఈ పిల్ల కిటికీ దగ్గర కూర్చున్న గురువారం పక్కన పెట్టి చూస్తే సిగ్గనిపించింది.

"కొత్త టీచరు వచ్చింది," అంది చివరికి. "మార్సీ అని. ఒక్కో పిల్లనీ దగ్గర కూర్చోబెట్టుకుని చెప్తోంది. క్రిస్మస్ దాకా చూడు. అప్పటికీ బాలేకపోతే కోర్బిన్‌లో నేనే దిగబెట్టి వస్తా."

"బస్సు రాదుగా ఇటు."

"నేను వస్తా. రేపూ వస్తా. ఎల్లుండీ వస్తా. ఆ బస్సు తీయించిన పుణ్యాత్ముల్లో నేనూ ఉన్నాను."

షానా గుమ్మానికి అడ్డం తొలగింది. తర్వాత లోపలికి తిరిగి, "లినేయా, బూట్లేసుకో," అంది.

తల సరిపోయింది. హూస్కో లినేయాకి రెండు డోనట్లు ఇచ్చాడు. సైకిలు ఇంకెవరికో వచ్చింది.

మర్నాడు గురువారం ఏడింటికి హిల్మా కారు మిల్లు రోడ్డు చివర దాటి ట్రెయిలరు గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. కిటికీలో లినేయా కనిపించింది, కోటు కూడా తొడుక్కుని ఉంది. ఆ రోజు నుంచి రోజూ అంతే. సాయంత్రం షానా పని దిగి నేరుగా బడికి వచ్చేది. రెండోవారంలో మార్సీ ఒక కాగితం షానా చేతికిచ్చి చదవమంటే, షానా దాన్ని మడిచి జేబులో పెట్టుకుని "ఇంటికెళ్ళి చూస్తా" అంది. మార్సీకి అర్థమైపోయింది. ఆ రోజు నుంచి కూతురి పాఠం అయ్యాక తల్లికి అరగంట. అది ఆవిడ ఉద్యోగంలో లేదు, దానికి జీతమూ లేదు. బయట కారులో హిల్మా ఇంజను నడుపుకుంటూ, పెట్రోలు అయిపోతోందని గొణుక్కుంటూ కూర్చునేది. ఒక్కరోజు కూడా ఇంజను కట్టేయలేదు. ఆ పిల్లలిద్దరూ చల్లటి కారెక్కడం ఆవిడకి ఇష్టం లేదు. పిల్లలిద్దరూ అంటే తల్లీ కూతురూను.

నవంబరు మీటింగు జింకల వేట మొదలయ్యే ముందు రోజు పడింది. మా దగ్గర వేట మొదలయ్యే రోజు బడికి కూడా సెలవు. ఆ పూట బడి ముందు ఆగిన ట్రక్కులన్నింటిలో తుపాకులూ, స్లీపింగ్ బ్యాగులూ, బీరు పెట్టెలూ సర్దేసి ఉన్నాయి. మీటింగు అవగానే అడవిలో క్యాంపులకి పోవాలి. బోర్డులో ఐదుగురు అప్పటికే వేటకి వేసుకునే నారింజ రంగు జాకెట్లు తొడుక్కుని కూర్చున్నారు.

"త్వరగా కానిద్దాం," అన్నాడు హూస్కో.

కొత్త అంశం ఒకటి వచ్చి పడింది. బడి ఆటలాడే జిమ్ హాల్లో జనం కూర్చునే చెక్కమెట్లలో ఎడమ వైపుది పుచ్చిపోయిందని బీమావాళ్ళు తేల్చారట. బాగు చేయించకపోతే డిసెంబరు నుంచి బాస్కెట్‌బాల్ ఆటలు సొంత జిమ్‌లో ఆడకూడదు. బాగుచేయించాలంటే మార్సీ కోసం అనుకున్న డబ్బే కనిపిస్తోంది.

హిల్మాకి ఈ సంగతి ముందురోజే గ్లెన్ చెవిన వేశాడు. అందుకే షానాని రమ్మంది. "వచ్చి రెండు ముక్కలు చెప్పు. నీకు ఎవరూ ఎదురు చెప్పరు, చెప్పకూడదు" అంది. షానా సరేనంది. వచ్చినప్పుడు కొత్త స్వెట్టరు వేసుకుంది. మార్సీ వెనక వరసలో కూర్చుంది, లినేయా ఆవిడ పక్కన.

ఊరివాళ్ళ వంతు వచ్చింది. షానా లేచి నిలబడింది. హిల్మా కోడిపెట్ట మెడ తిప్పింది.

"నాకు మాట్లాడటం రాదు," అంది షానా. "నేను ఈ బడిలోనే చదివాను. పట్టా ఉంది. చదవడం మాత్రం రాదు. మిస్ లబీన్ ఐదు వారాలుగా చెప్తోంది. అందుకని నేను ఇవాళ మాట్లాడను, చదువుతా."

తిరిగి, ఎదురుగోడ వైపు చూసింది. ఆ గోడనే చదువుతుందని హిల్మాకి తెలియదు. అలాంటిదేదో ఉందని తెలిస్తే వద్దని ఉండేది.

"సల్... సల్మెలా బడి," అంది షానా. వేలు పైకెత్తి గాలిలో అక్షరాల కింద పెట్టుకుంది, పిల్లలు పుస్తకం మీద పెట్టుకున్నట్టు. "ప్రతి. ప్రతి వి... విద్... విద్యార్... విద్యార్థినీ."

కోడిపెట్ట టిక్కు టిక్కుమంటోంది. షానా ప్రతి మాటకీ వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి కూడబలుక్కుంటోంది. జాకెట్టు జిప్పు పైకీ కిందికీ లాగుతున్న ఒక మెంబరు దాన్ని వదిలేశాడు.

"మా... మారు... మారుతున్న. ప్రపం... కాదు, ఆగండి. ప్ర... ప్రపంచ." చెంపలు ఎర్రబడ్డాయి. "స. సమా."

వెనక వరసలో లినేయా పెదవులు కదుపుతోంది. అమ్మకి అందిద్దామని. మార్సీ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"సమాజ..."

కోడిపెట్ట మోగింది.

షానా ఠక్కున ఆగిపోయింది. బళ్ళో గంట కొడితే ఆగినట్టే, మాట సగంలో.

"కానీ, చదువు," అంది హిల్మా.

"మోగింది కదా హిల్మా," అన్నాడు హూస్కో, మెల్లగానే. "అందరికీ ఒకటే నియమం." షానా వైపు తిరిగాడు. "థాంక్యూ షానా."

షానా తల ఊపి వెళ్ళి కూర్చుంది. బోర్డు రివాజు ప్రకారం ఎవరూ ఏమీ అనలేదు. తర్వాతి అంశం, చెక్కమెట్లు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. హూస్కో చెడ్డవాడు కాదు. మొగుడు పోయిన ఆడవాళ్ళకి టైర్లు ఊరికే మార్చే మనిషి. జనవరిలో, గాలి సరస్సు మీంచి కోసేస్తున్నప్పుడు, ఊరంతా ఒక్కచోట చేరేది ఆ జిమ్‌లోనే అని ఆయన అన్నాడు, అది నిజం. ఆటలు పోతే రెండు కుటుంబాలు పిల్లల్ని పక్కబడికి మార్చేస్తాయన్నాడు, అదీ నిజమే కావచ్చు. తలలు పోతే మళ్ళీ లెక్క పడిపోతుంది. అంతదాకా హిల్మా పళ్ళు బిగబట్టి విన్నది. ఆ తర్వాత ఆయన గొంతు తగ్గించాడు.

"ఇంకొకటి. నేను ఎవరికీ జవాబు చెప్పడం లేదు, మనలో మనం మాట్లాడుకుంటున్నాం. ఆ టీచరు ఐదు వారాలు చెప్పింది అంటున్నారు. ఏమాత్రం వచ్చిందో ఇప్పుడు మనమే చూశాం. దానికోసం..."

"రాడ్," అంది హిల్మా. లేవలేదు, గొంతు కూడా పెంచలేదు. "ఐదు వారాల ముందు ఆ పిల్ల, గోడ మీద అక్షరాలు కనిపిస్తే చాలు తల తిప్పుకునేది. మార్సీ ఐదు వారాలు చెప్పింది. పదమూడేళ్ళు మనం చెప్పాం. దానికి ఏమాత్రం వచ్చిందో చూడటానికి ఎవరినైనా పిలిచావా?"

"నువ్వు అప్పుడు బోర్డులో లేవు."

"బస్సులో ఉన్నాను. నా సంగతి నేను చూసుకుంటా, నువ్వు నీది చెప్పు. నువ్వు మాటిచ్చావా లేదా?"

"పరిస్థితి మారింది హిల్మా. బీమావాళ్ళు అలా అంటారని నేను కలగన్నానా?"

"మెట్లు వచ్చే ఏడు చేయించండి. జనం నిలబడి చూస్తారు. ఉర్హో ఎప్పుడూ నిలబడే చూసేవాడు."

"గుమ్మం దగ్గర సిగరెట్ కోసం," అన్నారెవరో. ఇద్దరు నవ్వారు. మంచి నవ్వే, ఉర్హోని ఎరిగిన వాళ్ళు నవ్విన నవ్వు. హిల్మాకి మాత్రం ఆ నవ్వు చెంపదెబ్బలా తగిలింది.

గ్లెన్ కాగితాలు సర్దుతూ, పేపరు మీదే చూస్తూ, "జనవరి నుంచి మార్సీని వారానికి ఒక్కరోజు పెట్టుకోగలమేమో చూద్దాం" అన్నాడు. వారానికి ఒక్కరోజు. ఏ రోజని ఎవరూ అడగలేదు. చేతులెత్తారు. చెక్కమెట్లకి నాలుగు, వద్దని మూడు. హిల్మాకి ఓడిపోవడం కొత్త కాదు, కానీ ఈసారి చెయ్యి కిందికి దించడానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత పాల కాంట్రాక్టు, కిటికీల అద్దాలు, ఇంకేవో ఒక కట్టగా వచ్చాయి. "ఆ కట్ట విప్పండి," అంది హిల్మా. "ఒక్కొక్కటీ చదవండి." నారింజ జాకెట్లన్నీ ఉసూరుమన్నాయి. చదివారు. అడవికి పోవడం అరగంట ఆలస్యమైంది. ఆవిడ చెయ్యగలిగింది అంతే, ఆ కాస్తా కసికొద్దీ చేసింది.

బయటికొచ్చేసరికి సన్నగా మంచు పడుతోంది. ట్రక్కులు ఒక్కొక్కటీ హెడ్‌లైట్లు వేసుకుని వెళ్ళిపోతున్నాయి. హూస్కో తన ట్రక్కు దగ్గర ఆగి, "నీ ముందు టైర్లు అరిగిపోయాయి హిల్మా, వేట నుంచి రాగానే తీసుకురా, మారుస్తా" అన్నాడు. ఆవిడ తన కారు వైపు నడిచింది. ఆయన ట్రక్కెక్కి వెళ్ళిపోయాడు.

షానా హిల్మా కారు పక్కన నిలబడి ఉంది. లోపల లినేయా సీటులో ముడుచుకుని కూర్చుంది. మార్సీ అప్పటికే వెళ్ళిపోయింది. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం హిల్మా చూసింది.

"నాకు కోపంగా ఉంది ముమ్మూ," అంది షానా.

"ఉండదూ మరి. ఆ రాడ్ గాణ్ణి..."

"వాళ్ళ మీద కాదు. నా మీద." షానా జేబులోంచి ఫోను తీసింది. తెరమీద లైబ్రరీ గోడ ఫొటో ఉంది. "మూడు వారాలుగా రోజూ రాత్రి ఇది పెట్టుకుని చదువుతున్నా. ఇంట్లో చివరి దాకా వచ్చేది. బాధ్యతగల దగ్గర ఒక్కచోట ఆగుతా, అంతే. నిన్న లినేయాకి మొత్తం చదివి వినిపించా. నిజం. అడుగు కావాలంటే. అక్కడ మొత్తం చదివేస్తే, మిస్ లబీన్ ఎంత బాగా చెప్పిందో వాళ్ళకి తెలుస్తుంది, ఉంచుకుంటారు అనుకున్నా. అందరూ చూస్తుంటే అక్షరాలు కదిలిపోయాయి. ఆవిడ ఉద్యోగం నేనే పోగొట్టా కదా?"

హిల్మా ఇందాకటి నుంచి ఆ పిల్ల బోర్డుని దులిపేసిందనుకుంటోంది. తనకి చదువు రాకపోవడాన్ని వాళ్ళ మొహాన విసిరిందని మనసులో మెచ్చుకుంటోంది కూడా. అది కాదు. షానా చదవడానికే వచ్చింది. బాగా చదివి చూపిద్దామని స్వెట్టరు కొనుక్కుని మరీ వచ్చింది.

"నువ్వు కాదు," అంది హిల్మా. "నువ్వు కాదే పిచ్చిపిల్లా. ఇంకోసారి ఆ మాటనకు."

ఇద్దరూ కారెక్కారు. మిల్లు రోడ్డు మీద మంచు టైర్ల కింద నలుగుతోంది. ట్రెయిలరు ముందు కారు ఆగాక లినేయా దిగి లోపలికి పరిగెత్తింది. షానా తలుపు మీద చెయ్యి వేసింది.

"రేపు పొద్దున్న ఏడింటికి వస్తా," అంది హిల్మా.

"రేపు బడి లేదు ముమ్మూ. జింకల సెలవు."

"తెలుసు."

"మరి లినేయాకి..."

"లినేయా కోసం కాదు."

షానా దిగకుండా కూర్చుంది. ముందు అద్దం మీద మంచు పడి కరిగిపోతోంది. హిల్మా ఇంజను కట్టేసింది.

"కిటికీ దగ్గర కూర్చోనక్కర్లేదు," అంది. "నేనే తలుపు కొడతా. కాఫీ పెట్టి ఉంచు."